జంధ్యాల గారికి కెరీర్ ప్లానింగ్ తెలియదు

మా మేనల్లుడు ఇంజినీరింగ్ పూర్తి చేశాడు. కాబట్టి సహజంగానే సినిమా డైరెక్టర్ అవుతానంటున్నాడు. ముందు రైటర్‌గా చేరి, తర్వాత డైరెక్టర్ అవుతాడట. మా అక్కయ్య కంగారుగా ఫోన్ చేసి, "నువ్వైనా వాడికి నాలుగు మాటలు చెప్పరా, సినిమాలు బాగా చూసినవాడివి" అంది. నా జీవితంలో సినిమాలు చూడటాన్ని ఒక అర్హతగా గుర్తించింది మా అక్కయ్య ఒక్కతే. అందుకే ఈ పనిని చాలా బాధ్యతగా తీసుకున్నాను. రచయితగా వచ్చి దర్శకుడయ్యే మనిషి ఏయే తప్పులు చేయకూడదో ఒక ఉదాహరణతో చెబితే బుర్రకెక్కుతుందని వెతికాను. జంధ్యాల గారిని మించిన ఉదాహరణ దొరకలేదు.

ఆయన్ను హాస్యబ్రహ్మ అని అందరూ దండేసి దణ్ణం పెట్టేవాళ్లే గానీ, ఆయన కెరీర్‌ను ఇంతవరకు ఎవరూ సరిగ్గా ఆడిట్ చేయలేదు. ఆ లోటు ఇవాళ తీరుస్తున్నాను.

మొట్టమొదట పేరు. జంధ్యాల వీర వెంకట దుర్గా శివ సుబ్రహ్మణ్య శాస్త్రి. ఇంత పేరు పెట్టుకుని, చివరికి ఇంటిపేరుతో సరిపెట్టుకున్నారు. ఇవాళ్టి కుర్రాడికి ఆ పేరు ఇస్తే అందులోంచి మూడు పాన్ ఇండియా టైటిళ్లు, ఒక సీక్వెల్ తీసేవాడు. పుట్టింది నరసాపురంలో, 1951 జనవరి 14న. అంటే సరిగ్గా సంక్రాంతి సీజన్లో, థియేటర్ల గొడవ లేకుండా, సోలోగా. కెరీర్ మొత్తంలో ఆయన చేసిన తెలివైన రిలీజ్ ప్లానింగ్ అదొక్కటేనని నా అభిప్రాయం. అందులో కూడా ఆయన ప్రమేయం పెద్దగా లేదు.

తర్వాత విజయవాడలో చదువు, నాటకాలు. అక్కణ్ణుంచి సినిమా మాటలు. 1976లో విశ్వనాథ్ గారి 'సిరిసిరిమువ్వ'. మరుసటి ఏడాదే ఎన్టీఆర్‌తో రాఘవేంద్రరావు గారు తీసిన 'అడవి రాముడు'. పాతికేళ్లు దాటీ దాటకుండానే అంత పెద్ద హిట్టుకు మాటలు రాసినవాడు ఏం చేయాలి? ఒక ఆఫీసు, ఒక కారు, ఆ కారులోంచి దిగుతూ ఒక ఫోటో. ఈయన 'వేటగాడు'లో రావు గోపాలరావు చేత ప్రాసల మీద ప్రాసలు పలికించారు. ఆ విలన్ కత్తి తీయక్కర్లేదు, వాక్యం మొదలుపెడితే చాలు, ఎదుటివాడు ఎక్కడ ముగుస్తుందోనని బిక్కచచ్చిపోయేవాడు. సరే, మాస్ రైటర్‌గా బ్రాండ్ కుదిరింది కదా అనుకుంటే, అదే చేత్తో 'శంకరాభరణం' రాశారు. ఒక సినిమాలో ఏనుగులు, ఇంకో సినిమాలో రాగాలు. మార్కెటింగ్ తెలిసినవాడెవడైనా ఇలా చేస్తాడా? "మీరు మాసా, క్లాసా?" అని అడిగితే ఏం చెబుతారు? దీన్నే బ్రాండ్ కన్‌ఫ్యూజన్ అంటారని మేనల్లుడికి చెప్పాను. వాడు ఫోన్లో రాసుకున్నాడు.

సరే, డైరెక్టర్ అయ్యారు. 1981. 'ముద్దమందారం'. చేతిలో అంత పేరు, అన్ని పరిచయాలు ఉన్న మనిషి మొదటి సినిమాకు ఎవర్ని తీసుకున్నారో చూడండి: ప్రదీప్, పూర్ణిమ. ఇద్దరూ కుర్రాళ్లే. మన దగ్గర కొత్త హీరో అనగానే మొదటి ప్రశ్న ఒకటుంటుంది, "ఎవరబ్బాయి?" అని. దానికి ఈయన దగ్గర సమాధానం లేదు. మరుసటి ఏడు 'నాలుగు స్తంభాలాట'తో నరేష్‌ను హీరోగా తెచ్చారు గనక, విజయనిర్మల గారబ్బాయి అని చెప్పుకోవడానికి మనకు కొంచెం ఊరట. ఆ విషయంలో కాస్త మెరుగుపడ్డారనే చెప్పాలి.

కానీ అదే సినిమాలో చేసిన నష్టం అంతా ఇంతా కాదు. అందులో వీరభద్రరావు గారు మాట్లాడుతూనే ఉంటారు, వేలు గారు తల పట్టుకుని వింటూనే ఉంటారు. ఈ హింసకు ఆయన 'సుత్తి' అని పేరు పెట్టారు. అంతవరకు సుత్తి అంటే వడ్రంగి సంచిలో ఉండే వస్తువు. 1982 తర్వాత అది బంధువుల నోట్లోకి, ఆఫీసు మీటింగుల్లోకి, సన్మాన సభల్లోకి వచ్చేసింది. ఇద్దరు నటులకు ఇంటిపేర్లు పోయి సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలు అని స్థిరపడిపోయాయి. మా ఇంట్లో ఆ సినిమా చూడని పిల్లలు కూడా నేను నోరు తెరవగానే ఆ మాట వాడుతున్నారు. ఒక భాషలో ఒక పనిముట్టు అర్థం మార్చేసినందుకు ఆయన మీద ఏ చర్యా తీసుకోలేదు. పోనీ ఆయనైనా ఆ మాట మీద రాయల్టీ వసూలు చేసుకున్నారా అంటే, అదీ లేదు. మాటకో పైసా లెక్కన వేసుకున్నా, ఒక్క మా బాబాయి సంభాషణల మీదే వాళ్ల కుటుంబం మూడు తరాలు కూర్చుని తినొచ్చు.

మధ్యలో 'ఆనందభైరవి' అని గిరీష్ కర్నాడ్‌తో కూచిపూడి కథ తీశారు. మంచి సినిమా. మంచి సినిమా తీయడం వల్ల కెరీర్‌కు ఏం ఒరుగుతుందో నాకు తెలియదు కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను.

కథల దగ్గర ఆయన చేసిన తప్పు మరీ ఘోరం. పొత్తూరి విజయలక్ష్మి గారి నవల తీసుకుని 'శ్రీవారికి ప్రేమలేఖ' చేశారు. మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి నవలలు తీసుకుని 'రెండు రెళ్లు ఆరు', 'చంటబ్బాయ్' చేశారు. ఆదివిష్ణు గారి నవల తీసుకుని 'అహ నా పెళ్లంట' చేశారు. నవలల నుంచి తీసుకోవచ్చు, కాదనను. తీసుకున్నానని చెప్పుకోవడమేమిటి? పక్క దేశం సినిమా చూసి, "ఇది నాకు చిన్నప్పుడు మా అమ్మమ్మ చెప్పిన కథ" అని చెప్పాల్సిన చోట, సాక్షాత్తు తెలుగు రచయితలు బతికుండగానే వాళ్ల పేర్లు చెప్పడం పరిశ్రమకు ఎంత చెడ్డ అలవాటు! పైగా లెక్కల్లో కూడా అజాగ్రత్త. రెండు రెళ్లు ఆరట. వసూళ్ల పోస్టర్ మీద వేయాల్సిన లెక్కను తీసుకెళ్లి టైటిల్లో పెట్టేశారు.

'చంటబ్బాయ్' సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ టెన్షన్. 1986. చిరంజీవి గారు 'ఖైదీ' చేసి మూడేళ్లయింది. ఆయన ఫైట్ చేస్తే ఊళ్లో కుర్రాళ్లు చొక్కాలు చింపుకునే రోజులు. అలాంటి హీరో డేట్లు దొరికితే ఎలివేషన్ షాట్లకే సగం రీళ్లు ఖర్చుపెట్టాలి. ఈయన ఆయన్ను చిన్నాచితకా డిటెక్టివ్‌ను చేసి, చాప్లిన్ మీసం పెట్టి తిప్పారు. నలుగురూ నవ్వుకునేలా చేశారు. అభిమానుల మనోభావాలు ఏమవుతాయన్న ఆలోచన లేదు. మనోభావాలకు ఇంకా యూనియన్ లేని రోజులు కాబట్టి బతికిపోయారు.

ఇక అసలు కేసు 'అహ నా పెళ్లంట', 1987. ముందు టైటిల్ చూడండి. 'మాయాబజార్' పాట. ఆ తర్వాత 'వివాహ భోజనంబు'. అదీ 'మాయాబజార్' పాటే. ఆపైన 'చూపులు కలసిన శుభవేళ'. అదీ అందులోదే. 1957 నాటి ఒక్క సినిమా పాటల పుస్తకం దగ్గర పెట్టుకుని మూడు టైటిళ్లు లాగించిన మనిషి, పిసినారి మీద సినిమా తీశాడంటే అది స్వానుభవమా అని ఎవరైనా అడగాలి కదా? ఒక్క జర్నలిస్టూ అడగలేదు.

విలన్‌గా కోట శ్రీనివాసరావు. 'ప్రతిఘటన'లో జనాన్ని గడగడలాడించి రెండేళ్లే అయింది. అలాంటి విలన్ దొరికితే ఒక కోట, అందులో ఒక సింహాసనం, చుట్టూ నాలుగొందల మంది నల్లచొక్కాలవాళ్లు ఉండాలి. లక్ష్మీపతి పాత్రకు ఈయన ఇచ్చింది లుంగీకి బదులు చుట్టుకోవడానికి పాత న్యూస్‌పేపర్లు. బ్యాక్‌గ్రౌండ్‌లో గరుడ పక్షి ఉండాల్సిన చోట ఒక కోడి. అది కూడా ఎగరదు, తాడుకు వేలాడుతుంటుంది. కింద లక్ష్మీపతి కంచం ముందు కూర్చుంటాడు. వట్టి అన్నం ముద్ద చేస్తాడు, తలెత్తి కోడిని చూస్తాడు, ముద్ద నోట్లో పెట్టుకుంటాడు, మళ్లీ చూస్తాడు. ఆ మొహంలో నిజంగానే కోడికూర తిన్న తృప్తి. అంతే సీను. మొత్తం ఖర్చు ఒక కోడి, ఒక తాడు, కాస్త అన్నం. తాడు మళ్లీ వాడుకోవచ్చు. కోడి సంగతి యూనిట్ వాళ్లు చూసుకునే ఉంటారు.

ఇదే సీను ఇప్పుడు తీస్తే కోడి గ్రాఫిక్స్‌కు ఎనిమిది నెలలు పట్టేది. కోడి ఫస్ట్ లుక్, కోడి గ్లింప్స్, కోడి లిరికల్ వీడియో వచ్చేవి. ఇంటర్వెల్లో కోడి కళ్లు తెరిచేది. లక్ష్మీపతి ఎందుకు పిసినారి అయ్యాడో ఇరవై నిమిషాల ఫ్లాష్‌బ్యాక్ ఉండేది. అతను తినే అన్నం ఎవరిదో పార్ట్ టూలో తెలిసేది.

ఆ పిసినారి దగ్గర పనివాడు అరగుండు. ఆ వేషానికి ఎవర్ని పెట్టారు? అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పిన లెక్చరర్ని. బ్రహ్మానందం గారు ఆ అరగుండుతో మొదలుపెట్టి గిన్నిస్ బుక్ దాకా వెళ్లారు, సంతోషమే. కానీ అత్తిలి పిల్లలకు ఛందస్సు ఎవరు చెప్పాలి? ఇప్పుడు మన కుర్రాళ్లు ఫోన్లలో మాటల్లేకుండా ఆయన మొహాలు పంపించుకుని బతికేస్తున్నారంటే, ఆ నష్టానికి మూలం ఎక్కడుందో మీకే అర్థమవుతుంది.

తొంభైల్లో ఆయన జోరు తగ్గింది. అప్పుడైనా బుద్ధి తెచ్చుకుని ఇంట్లో కూర్చుని, "ఈ తరానికి టేస్ట్ లేదు" అని ఇంటర్వ్యూలిచ్చుకోవాలి కదా. ఈయన పెన్ను తీసుకుని వేరేవాళ్లకు మాటలు రాశారు. 'జగదేకవీరుడు అతిలోకసుందరి'కి, 'ఆదిత్య 369'కు. అన్ని సినిమాలు డైరెక్ట్ చేసిన మనిషి ఇంకొకరి సెట్‌కు రైటర్‌గా వెళ్లడం! ఇగో అనే ప్రాథమిక పెట్టుబడి లేకుండా వ్యాపారం ఎలా సాగుతుంది? 'ఆపద్బాంధవుడు'లో హీరోయిన్ తండ్రిగా నటించారు కూడా. చూసినవాళ్లకు కళ్లు చెమర్చాయి. హాస్యబ్రహ్మ అన్న బ్రాండ్‌కు అదొక దెబ్బ.

2001 జూన్ 19న వెళ్లిపోయారు. యాభై ఏళ్లకే. అక్కడా ప్లానింగ్ లేదు.

ఇదంతా మేనల్లుడికి గంటన్నర సేపు చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "బాగా అర్థమైంది మావయ్యా. ఇందులో ఒక్క తప్పూ నా స్క్రిప్టులో లేదు. నెరేషన్ ఇస్తాను, మీరు వినండి" అన్నాడు. అక్కయ్యకు మాటిచ్చాను, తప్పుతుందా? సోఫాలో సర్దుకుని కూర్చున్నాను.

వాడు కళ్లు మూసుకున్నాడు. "నల్లటి తెర మావయ్యా. ముందు పొగతాగడం హానికరమని వేస్తారు. తర్వాత మన బ్యానర్ లోగో. అది కూడా రక్తంలోంచి లేస్తుంది. అప్పుడు ప్రెజెంటర్ పేరు. తర్వాత సమర్పణ. అప్పుడు, ఒక వాయిస్ ఓవర్…"

నలభై నిమిషాలైంది. వాయిస్ ఓవర్ ఇంకా క్రీస్తుపూర్వంలోనే ఉంది. హీరో తాతగారు కూడా పుట్టలేదు. నాకు 'శ్రీవారికి ప్రేమలేఖ'లో సినిమా కథను టైటిల్స్ దగ్గర్నుంచి చెప్పే శ్రీలక్ష్మి గారు కళ్లముందు కదిలారు. నవ్వు ఆపుకుందామని దగ్గాను. వాడు దాన్ని గూస్‌బంప్స్ అనుకుని గొంతు పెంచాడు.

వంటింట్లోంచి మా ఆవిడ తల బయటపెట్టింది.

"ఏవండీ, టైటిల్స్ అయిపోయాక ఒక్క కేకెయ్యండి. పోపు పెడతాను."