శిల్పులకు ఒక పద్ధతంటూ ఉండాలా వద్దా?

డాక్టరు కావాలంటే ఏం చదవాలో పక్కింటివాళ్లు కూడా చెప్పేస్తారు. పైలట్‌కీ, లాయరుకీ, ఆడిటర్‌కీ దారి గీసి పెట్టి ఉంది. శిల్పి కావాలంటే మాత్రం అడిగినవాడూ చెప్పాల్సినవాడూ ఇద్దరూ దిక్కులు చూడాల్సిందే. ఈ అరాచకం ఇన్నేళ్లుగా సాగుతున్నా ఎవరికీ చీమ కుట్టినట్టైనా లేదు. అందుకని సమకాలీన శిల్పుల జీవితాలు తిరగేసి, వాళ్లు నడిచిన దారుల్లోంచి ఒక పక్కా సిలబస్ తయారుచేసే బాధ్యత నేనే నెత్తినేసుకున్నాను. నన్నెవరూ అడగలేదు. లోకోపకారం చేసేవాణ్ని ముందుగా ఎవరూ అడగరు.

మొదట అనీష్ కపూర్‌ని పట్టుకున్నాను. 1954లో ముంబైలో పుట్టిన మనిషి, ఇజ్రాయెల్ వెళ్లి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరాడు. లెక్కలు కొరుకుడుపడక ఆరు నెలలకే వదిలేశాడు. ఆ తర్వాత లండన్‌లో ఆర్ట్ స్కూలు, 1991లో బ్రిటన్‌లో పేరున్న కళా పురస్కారం టర్నర్ ప్రైజు, ఆపైన చికాగోలో 168 స్టెయిన్‌లెస్ స్టీలు పలకలను అతుకు కనిపించకుండా కలిపి నిలబెట్టిన ‘క్లౌడ్ గేట్’. వచ్చినవాళ్లంతా అందులో తమ మొహాలే చూసుకుని, ఫొటో తీసుకుని, శిల్పం చాలా బాగుందని వెళ్తుంటారు. వెంటనే రాసుకున్నాను: మొదటి సెమిస్టర్, ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. ఫెయిలవడం తప్పనిసరి. ఇంజనీరింగ్ మధ్యలో మానేసినవాళ్లు లోకంలో కోకొల్లలు కదా, మరి వాళ్ల శిల్పాలేవీ అని గిట్టనివాళ్లు అడగొచ్చు. వాళ్లు మానేయడంలో శ్రద్ధ పెట్టలేదు, అంతే.

లెక్కలు రాకపోవడమే అర్హత అని ఖాయం చేశానో లేదో, లూయీజ్ బూర్జ్వా అడ్డొచ్చింది. ఆవిడకి లెక్కలంటే ప్రాణం. పారిస్‌లో సోర్బాన్ విశ్వవిద్యాలయంలో చేరి చదివింది కూడా. 1932లో తల్లి చనిపోయాక లెక్కలు పక్కనపెట్టి కళలోకి వచ్చింది. ఇంట్లో గోడకు వేలాడదీసే పాత బొమ్మల అల్లిక తెరలు బాగుచేసే వ్యాపారం ఉండేది. చిరిగిపోయిన చోట బొమ్మల పాదాలు పోతే, అవెలా ఉండాలో చిన్నప్పుడు ఈవిడే గీసిచ్చేది. అల్లికలు బాగుచేసిన ఆ తల్లికోసమే 1999లో తొమ్మిది మీటర్లకు పైబడిన ఉక్కు సాలెపురుగును నిలబెట్టింది. దాని పొట్టకింద పాలరాతి గుడ్ల సంచి. కింద నిలబడి తలెత్తి చూస్తే భయమూ వేస్తుంది, ఎవరో కాపలా కాస్తున్నట్టూ ఉంటుంది.

సిలబస్‌కి ఇందులో ఇబ్బంది ఏమిటంటే, న్యూయార్క్‌లోని మోమా మ్యూజియం ఆవిడ పని మొత్తాన్నీ ఒకచోట పెట్టి చూపించింది 1982లో. అప్పటికి ఆవిడకి డెబ్బై ఏళ్లు. తల్లి పోయిన ఏడాదికీ దీనికీ మధ్య సరిగ్గా యాభై ఏళ్లు. ఆ యాభై ఏళ్లూ చెక్క, ప్లాస్టర్, రబ్బరు పాలు, పాలరాయి, కంచు అంటూ ఏదో ఒకటి చేస్తూనే ఉంది. బ్రోషర్‌లో ఒక పేజీకి మించి చోటు లేదు కాబట్టి ఆ యాభై ఏళ్లూ కొట్టేశాను. ‘వ్యక్తిగత విషాదం, నాలుగు క్రెడిట్లు’ అని మాత్రం ఉంచాను.

తర్వాత బాల్యం. శిల్పి పరిచయ వ్యాసంలో బాల్యం లేకపోతే దాన్ని అచ్చు వేయరు. “చిన్నప్పటి నుంచీ మట్టి నన్ను పిలిచేది” అని ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది. మట్టి మననందరినీ పిలిచింది. మనం వెళ్లాం కూడా. తిరిగొచ్చాక వీపు విమానం మోత మోగింది కాబట్టి మళ్లీ పిలిస్తే పలకలేదు. రిచర్డ్ సెర్రా సంగతి ఇంకా పెద్దది. తండ్రి ఓడల కర్మాగారంలో పనిచేసేవాడు. పిల్లవాడికి చిన్నప్పుడే ఒక ఓడను నీళ్లలోకి దించుతుంటే చూపించాడు. అంత బరువు ఒక్కసారిగా తేలిపోవడం చూశాననీ, తనకు కావాల్సిన ముడిసరుకంతా ఆ జ్ఞాపకంలోనే ఉందనీ పెద్దయ్యాక ఆయనే చెప్పాడు. ఆయన నిలబెట్టిన భారీ ఉక్కు గోడల మధ్య నడిచినవాళ్లు కాదనరు. నా సందేహమల్లా, ఆ రోజు ఒడ్డున నోళ్లు వెళ్లబెట్టిన మిగతా పిల్లల గురించే. వాళ్లూ అదే ఓడ చూశారు. వాళ్లనెవరూ ఇంటర్వ్యూ చేయలేదు కాబట్టి ఓడ చూపిస్తే చాలని తేలిపోయింది. కాలేజీ ఖర్చులకోసం సెర్రా ఉక్కు మిల్లుల్లో ఒళ్లు వంచిన సంగతి కూడా ఉందిగానీ, అది తల్లిదండ్రులకు నచ్చే విషయం కాదు. కొట్టేశాను.

ఇక నేక్ చంద్ ఫైలు. అది తెరిచాక రెండు రోజులు అన్నం సయించలేదు. చండీగఢ్ కట్టేటప్పుడు ఆయన రోడ్ల ఇన్‌స్పెక్టర్. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఆర్కిటెక్టు లె కార్బూజియే తిన్నటి గీతలతో నగరం కడుతుంటే, ఆ నగరంకోసం కూల్చిన పల్లెల్లోంచి పగిలిన గాజులు, కప్పులు, పెంకులు, కాలిన ఇటుకలు ఏరుకుని సైకిల్ మీద మోసుకెళ్లేవాడు. ఎక్కడికి? నిర్మాణాలు నిషేధించిన ప్రభుత్వ అటవీ స్థలంలోకి. అక్కడ పొదలు నరికి, గుట్టుగా, గాజుముక్కలతో ఒళ్లంతా పొదిగిన సిమెంటు మనుషుల్ని, జంతువుల్ని బారులు తీర్చాడు. పద్దెనిమిదేళ్లు. ఆఫీసులో ఎవరికీ తెలియదు. తెలిశాక ఏం చేశారనుకుంటున్నారు? కూల్చేద్దామని కొందరు అన్న మాట నిజమే. చివరికి మాత్రం 1976లో దాన్ని రాక్ గార్డెన్ పేరుతో జనానికి తెరిచి, ఆయనకు జీతం, యాభై మంది పనివాళ్లు, ‘సబ్ డివిజనల్ ఇంజనీర్, రాక్ గార్డెన్’ అన్న హోదా ఇచ్చారు. సర్కారు భూమిని ఆక్రమించి ప్రమోషన్ కొట్టినవాళ్లు ఇంకా ఉండొచ్చు. పాత గాజుముక్కలతో కొట్టినవాడు ఈయనొక్కడే. ఈ పేపర్‌ని ఏ సెమిస్టర్‌లో పెట్టాలో, దానికి లాయరు ఫీజు ఎవరు కట్టాలో ఇంకా తేలలేదు.

ఘనాలో 1944లో పుట్టిన ఎల్ అనాట్సుయి మాత్రం బుద్ధిమంతుడు. శిల్పమే చదివాడు, నైజీరియాలోని న్సుక్కాలో శిల్పమే పాఠం చెప్పాడు. ఇంత సాఫీగా ఉంటే కథేముంటుందని పక్కన పెట్టబోయాను. అంతలో 1990ల చివర్లో ఆయనకు పారేసిన సీసా మూతల సంచి ఒకటి దొరికింది. దాన్ని స్టూడియోకి తెచ్చాడు. కొంతకాలం అది మూలన పడి ఉంది. ఆ తర్వాత మూతల్ని సాగగొట్టి, మడిచి, మెలిపెట్టి, అంచుల్లో చిల్లులు పొడిచి, రాగి తీగతో ఒకదానికొకటి కట్టడం మొదలైంది. అవి వేలకు వేలు చేరి గోడంత తెరలై, దూరం నుంచి బంగారు జరీలా, దగ్గరికెళ్తే మందు బ్రాండ్ల పేర్లతో వేలాడుతుంటాయి. ఎలా వేలాడదీయాలో ఆయన చెప్పడు. మడతలు ఎలా పడాలో మ్యూజియం వాళ్ల ఇష్టం. 2015లో వెనిస్ బినాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శన ఆయనకు జీవిత సాఫల్యానికి గోల్డెన్ లయన్ పురస్కారం ఇచ్చింది. సిలబస్‌లో ‘సంచి దొరకడం’ అని చేర్చాను. సంచి దొరక్కముందు రెండు దశాబ్దాలకు పైగా చెక్కా మట్టీ పిసికిన సంగతి మామూలుగానే కొట్టేశాను.

ఓపిక లేనివాళ్లకు క్రాష్ కోర్సు కూడా ఉంది. మారిజియో కాటెలాన్ 2019లో ఒక అరటిపండును టేపుతో గోడకంటించి 1,20,000 డాలర్లకు అమ్మాడు. అదే పని 2024 వేలంలో 62 లక్షల డాలర్లు పలికింది. కొన్నాయన పండు తినేశాడు. సాల్వతోరే గరావు అనే ఇటలీ కళాకారుడు ఇంకో మెట్టు పైకెళ్లి, 2021లో ఐదడుగుల ఖాళీ జాగాలో కనిపించని శిల్పం పెట్టి 15,000 యూరోలు రాబట్టాడు. ప్రాక్టికల్ పరీక్షకు నేను దీన్నే సిఫారసు చేస్తున్నాను. ల్యాబ్ అక్కర్లేదు, దుమ్ము లేదు, కాపీ కొడితే పట్టుకోవడం కూడా కష్టం. కాకపోతే కాటెలాన్ అంతకుముందు మార్చురీతో సహా రకరకాల చోట్ల పనిచేశాడన్న విషయం విద్యార్థులకు చెప్పకపోవడం మంచిది.

అన్నీ కుదిరాయి, దరఖాస్తు ఫారంలో వయోపరిమితి గడి దగ్గరే చిక్కొచ్చింది. ఇంగ్లండులో ఫిలిడా బార్లో దశాబ్దాల తరబడి ఆర్ట్ స్కూలు విద్యార్థులకు శిల్పం నేర్పి, 2009లో అరవై ఐదో ఏట రిటైరైంది. లోకం ఆవిణ్ని గట్టిగా పట్టించుకుంది ఆ తర్వాతే. 2017లో అదే వెనిస్ బినాలేలో బ్రిటన్ తరఫున నిలబడింది. ఇటు చూస్తే బూర్జ్వాకి డెబ్బై. బాగా ఆలోచించి ఫలితాల తేదీని అడ్మిషన్ నుంచి నలభై ఐదేళ్ల తర్వాతికి వేశాను. ఫీజు మాత్రం మొదటిరోజే, ఒకే వాయిదాలో.