భక్తి అరలో జెనెసిస్

1969 మార్చిలో లండన్‌లో డెక్కా కంపెనీ జెనెసిస్ అనే రాక్ బ్యాండు మొదటి ఎల్పీ రికార్డు విడుదల చేసింది. అట్టంతా నలుపు. ఆ నలుపు మీద బంగారు అక్షరాల్లో ‘ఫ్రమ్ జెనెసిస్ టు రెవలేషన్’ అన్న పేరొక్కటే. పాడినవాళ్ల బొమ్మ లేదు, బ్యాండు పేరూ లేదు. తెలుగు బైబిల్ తిరగేసినవాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఆదికాండం నుంచి ప్రకటన గ్రంథం దాకా. అక్కడి రికార్డు షాపుల్లో గుమాస్తాలు అట్ట చూశారు, పేరు చదివారు, మారుమాట లేకుండా తీసుకెళ్లి భక్తి సంగీతం అరలో పెట్టేశారు.

రాక్ సంగీతం గురించి రాసేవాళ్లు ఈ ముచ్చట చెప్పి నవ్వుతారు. యాభై ఏళ్ల పైనుంచీ నవ్వుతూనే ఉన్నారు. తమ తరఫున ఒక్క ముక్క చెప్పుకోడానికి ఆ గుమాస్తాలకి ఎవరూ మైకు ఇచ్చిన పాపాన పోలేదు. అందుకని వాళ్ల వకాల్తా నేను పుచ్చుకుంటున్నాను. ఫీజు అక్కర్లేదు. ఆధారాలన్నీ తిరగేశాక నాకు తేలిందేమిటంటే, పెట్టిన అర సరైన అరే. జెనెసిస్ అనే బ్యాండు ఏ కోవకి చెందుతుందో ఆనాడు ఇంగ్లండు మొత్తం మీద పసిగట్టిన మహానుభావులు ఆ అట్టలు సర్దేవాళ్లే.

పుట్టిన చోటు దగ్గర్నుంచి మొదలుపెడదాం. సర్రే ప్రాంతంలో గోడాల్మింగ్ దగ్గర చార్టర్‌హౌస్ అని, అప్పట్లో పెద్దింటి మగపిల్లలు చదువుకునే బడి ఉంది. పీటర్ గేబ్రియెల్, టోనీ బ్యాంక్స్, మైక్ రూథర్‌ఫర్డ్, ఆంథొనీ ఫిలిప్స్ అక్కడి కుర్రాళ్లే. ఆ బడిలో రెండు కుర్రబ్యాండ్లుండేవి. ఆ రెంటిలో మిగిలినవాళ్లు 1967లో ఒకటయ్యారు. ఇక బడి స్థాపించిన సంవత్సరం 1611. కింగ్ జేమ్స్ బైబిల్ అచ్చయింది కూడా 1611లోనే. కాకతాళీయం అంటారా? అనండి. నేను మాత్రం రాసిపెట్టుకున్నాను.

అక్కడ రూథర్‌ఫర్డ్‌ని గిటారు ముట్టుకోవద్దని హాస్టలు చూసే మాస్టారు నిషేధించారట. గిటారంటే విప్లవం అని ఆయన నమ్మకం. పాపం ఆ మాస్టారికి తెలీదు, ఈ పిల్లలు విప్లవం తేరు. ఇరవై మూడు నిమిషాల పాట తెస్తారు.

తర్వాత గురువు ప్రవేశం. జొనాథన్ కింగ్ ఆ బడి పూర్వ విద్యార్థి, 1965లో ఒక పాటతో పేరు తెచ్చుకున్నవాడు. పాత విద్యార్థుల కలయికకి వచ్చినప్పుడు ఈ పిల్లల టేపు ఒకటి ఆయన చేతికి చేరింది. విన్నాడు, నచ్చింది, నామకరణం కూడా తనే చేశాడు: జెనెసిస్. కొన్నాళ్లకి పిల్లలు కొత్తగా ఇస్తున్న పాటలు ఆయనకి రుచించడం మానేశాయి. అప్పుడు కుర్రాళ్లు చేసిన పని చూడండి. ఈయనకి బీ జీస్ అనే పాప్ బ్యాండు అంటే ప్రాణం కాబట్టి, అచ్చం బీ జీస్ పద్ధతిలో ఒక పాట కట్టి సమర్పించుకున్నారు. 1968 ఫిబ్రవరిలో వాళ్ల మొదటి సింగిల్‌గా వచ్చింది అదే. దేవుడికి ఇష్టమైనదే నైవేద్యం పెట్టాలన్న సూత్రం పదిహేడేళ్ల వయసులో అంత బాగా పట్టుబడినవాళ్లని భక్తులనక ఏమంటాం?

ఎల్పీ రికార్డింగు ఆ ఏడాది వేసవి సెలవుల్లో కానిచ్చారు. పదమూడు పాటలు. పిల్లలు తమ వాయింపు ముగించుకుని ఇళ్లకి వెళ్లాక, కింగ్ దాని మీద ఫిడేళ్లూ బాకాలూ పోయించాడు. స్టీరియోలో విన్నవాళ్లకి ఒక చెవిలో బ్యాండు, రెండో చెవిలో ఫిడేళ్లు. పెళ్లిపందిట్లో ఈ మూల సన్నాయి మేళం, ఆ మూల డీజే పెట్టించి, మధ్యలో మనల్ని భోజనానికి కూర్చోబెట్టినట్టుంటుంది. గిటారిస్టు ఫిలిప్స్‌కి ఒళ్లు మండిందంటే మండదూ! ఈలోగా అమెరికాలో అదే పేరుతో ఇంకో బ్యాండు ఉందని బయటపడింది. దాంతో అట్ట మీద పేరు ఎగిరిపోయింది. నామరూపాలు లేని పరబ్రహ్మంలా మిగిలింది ఆ నల్లట్ట.

ఏడాదిలో అమ్ముడుపోయినవి దాదాపు 650. పాటకి యాభై మంది చొప్పున లెక్క సరిపోయింది. ఆ యాభైల్లో ఎన్ని భక్తి అరలోంచే పోయాయో మరి. ఆదివారం సాయంత్రం కీర్తనలు విందామని కూర్చున్న ఏ ముసలావిడైనా పదమూడు పాటలూ చివరిదాకా వినే ఉంటుంది. నా దృష్టిలో జెనెసిస్ తొలి అభిమాని ఆవిడే.

ఇక్కడితో పిల్లలు బుద్ధి తెచ్చుకుని లా చదువుకోవాలి. అలా చెయ్యకుండా 1969 చివర్లో ఊళ్లకి దూరంగా ఒక స్నేహితుడి తల్లిదండ్రుల ఇంట్లో చేరి, నెలల తరబడి పొద్దస్తమానం సాధన చేశారు. బయటి లోకంతో సంబంధం లేదు. ఒకళ్లనొకళ్లు చూసుకోలేక విసిగి వేసారిపోయేంత సాధన. మనం ఆశ్రమం అనే దీన్ని వాళ్లు కాటేజీ అన్నారు. ఆ కాటేజీ పేరు? క్రిస్మస్ కాటేజీ. నేను పెట్టింది కాదు.

బయటికొచ్చాక దొరికిన కొత్త కంపెనీ పేరు చరిష్మా. గ్రీకులో దైవమిచ్చిన వరం అని అర్థం. 1970లో వచ్చిన రెండో రికార్డు పేరు ‘ట్రెస్‌పాస్’, అంటే అపరాధం. ఇంగ్లీషు ప్రార్థనలో దేవుణ్ణి క్షమించమని అడిగేది వీటినే. ఇంగ్లండువాళ్లు క్షమించారు గానీ కొనలేదు. బెల్జియంలో మాత్రం నంబర్ వన్ అయింది. ప్రవక్తకి సొంత ఊళ్లో మర్యాద ఉండదని సువార్తలో ఊరికే అనలేదు. తర్వాతి ఏడాది వచ్చిన ‘నర్సరీ క్రైమ్’ని నెత్తిన పెట్టుకున్న దేశం ఇటలీ. పోపుగారి పొరుగు.

స్టేజీ భయం పట్టుకుని ఫిలిప్స్ ఈ మధ్యలోనే వెళ్లిపోయాడు. డ్రమ్ములవాడూ మారాడు. పేపర్లో ప్రకటన చూసి, చోబమ్‌లో గేబ్రియెల్ తల్లిదండ్రుల ఇంటికి ఫిల్ కాలిన్స్ అనే పందొమ్మిదేళ్ల కుర్రాడు వచ్చాడు. మరీ ముందొచ్చేశావు, కాసేపు ఈత కొట్టు అన్నారు. అతను ఈత కొలనులో దిగి, లోపల మిగతా అభ్యర్థులు వాయిస్తున్నవి వింటూ పాటలన్నీ బట్టీపట్టేశాడు. నీళ్లలోంచి లేచి వచ్చి తడి ఆరకుండానే ఉద్యోగం కొట్టాడు. నీళ్లలో మునిగి లేచాక కొత్త జన్మ ఎత్తడాన్ని క్రైస్తవులు ఏమంటారో మీకు తెలుసు.

1971లో ఏల్స్‌బరీ అనే ఊళ్లో గేబ్రియెల్ పూనకం వచ్చినట్టు స్టేజీ మీంచి జనంలోకి దూకాడు. బైబిల్లో సాతాను యేసుని గుడి శిఖరం మీదికి తీసుకెళ్లి, దూకు, నీ పాదానికి రాయి తగలకుండా దేవదూతలు పట్టుకుంటారు అంటాడు కదా! యేసు దూకలేదు. గేబ్రియెల్ దూకాడు. చీలమండ విరిగింది.

ఇక అసలు సాక్ష్యం, 1972లో ‘ఫాక్స్‌ట్రాట్’ రికార్డు రెండో వైపున ఉంది. ‘సపర్స్ రెడీ’. భోజనానికి రండి అని పిలిచి 23 నిమిషాలు కూర్చోబెట్టే పాట. ఏడు భాగాలు. ఇంట్లో కూర్చున్న ఆలుమగల దగ్గర మొదలై, లోకాంతం దాకా పోయి, మధ్యలో 666 అన్న మృగం సంఖ్య పలికి, చివర్లో కొత్త యెరూషలేము దగ్గర దిగుతుంది. మొత్తం ప్రకటన గ్రంథమే. మూడేళ్ల క్రితం నల్లట్ట మీద ‘టు రెవలేషన్’ అని మాటిచ్చి ఇప్పుడు నిలబెట్టుకున్నారన్నమాట. ఆ లోకాంతం భాగమేమో తొమ్మిది మాత్రల లెక్కలో నడుస్తుంది, మూడు, రెండు, నాలుగుగా విరిచి. పాశ్చాత్య విమర్శకులు దాని గురించి గుండె మీద చెయ్యేసుకుని రాస్తారు. ఇదే తొమ్మిది లెక్కని సంకీర్ణ నడక అంటూ కాఫీ తాగుతూ తొడ మీద వేసే మన మృదంగం మాస్టార్ల దగ్గర ఈ మాట ఎత్తకండి, నవ్వుతారు.

పోలికకి నాకు ఇంకా బాగా దొరికింది స్టేజీ మీద సంగతి. ఈ బ్యాండుకి పన్నెండు తంత్రుల గిటార్లంటే పిచ్చి. పాటకీ పాటకీ మధ్య అవన్నీ శ్రుతి చేసుకోవాలి. ఒక్కో గిటారుకి పన్నెండు బిరడాలు, ఒకటి సర్దితే ఇంకోటి జారుతుంది. ముగ్గురు గిటార్ల మీదికి వంగి టింగు టింగుమంటూ ఉంటే, జనం దగ్గుతూ ఉంటే, గేబ్రియెల్ ఏం చెయ్యాలో తోచక కథలు చెప్పడం మొదలుపెట్టాడు. తలా తోకా లేని కథలు. క్రమంగా జనం వాటికోసమే రాసాగారు. 1972లో డబ్లిన్‌లో ఏకంగా భార్య ఎర్ర గౌను తొడుక్కుని, నక్క తల పెట్టుకుని వచ్చాడు. తోటివాళ్లకి ముందు చెప్పనే లేదు. పిట్టకథలూ, వేషం, మధ్యమధ్య పాట, వెనక శ్రుతి: మన హరిదాసుగారి చేతిలో చిడతలు తీసేసి నక్క తల పెడితే సరిగ్గా ఇదే.

మతం పూర్తవ్వాలంటే చీలిక రావాలి. 1975లో గేబ్రియెల్ వెళ్లిపోయాడు. డ్రమ్ములు వాయించే కాలిన్స్ పాట అందుకున్నాడు. పాటలు పొట్టివయ్యాయి, డబ్బు పొడుగైంది. 1986లో వాళ్ల పాటొకటి అమెరికాలో మొదటి స్థానం ఎక్కింది. దాంతో భక్తులు రెండు శాఖలయ్యారు. 1975కి ముందంతా వేదం, తర్వాతంతా కలి అనేవాళ్లు ఒక శాఖ. రెండో శాఖవాళ్లు హాయిగా కారులో పాటలు వింటుంటారు కాబట్టి వాదనకి రారు.

మొదటి శాఖకి చెందిన మిత్రుడొకాయన ఉన్నాడు నాకు. ఆయన దగ్గర ఆ మొదటి రికార్డు ఉంది. అసలుది కాదు లెండి. ఆ పదమూడు పాటల హక్కులు కింగ్ చేతిలో ఉండిపోవడంతో అవే పాటలు పేర్లు మార్చుకుంటూ మళ్లీ మళ్లీ అవతరించాయి. ఈయన దగ్గరున్నది 1974 అవతారం, ‘ఇన్ ది బిగినింగ్’. అంటే ‘ఆదియందు’. చూశారా, ఎన్నిసార్లు అచ్చేసినా భక్తి అర వదిలి రాదు.

మొన్న వాళ్లింటికెళితే చేతులు సబ్బుతో కడుక్కుని, తువ్వాలుతో వేళ్ల సందులు కూడా తుడుచుకుని బీరువా తెరిచాడు. మూడు ప్లాస్టిక్ కవర్లలోంచి రికార్డు తీసి అంచులు పట్టుకుని చూపించాడు. ముట్టుకోబోతే వెనక్కి లాక్కున్నాడు.

“పెట్టండి మరి, విందాం,” అన్నాను.

“అమ్మో! సూది పెడితే అరిగిపోదూ గురువుగారూ?”

“మరి మీరు వినలేదా?”

“మొదటి వైపు విన్నాను. ఫోన్లో.”

“రెండో వైపు?”

ఆయన జవాబు చెప్పకుండా రికార్డుని ఒక్కో కవర్లో దించి బీరువాకి తాళం వేశాడు. తర్వాత ఫోను తీసి రెండో వైపు పాటేదో వెతికి పెట్టాడు. ఇద్దరం కళ్లు మూసుకున్నాం. ముందుగా పెళ్లిసంబంధాల ప్రకటన వచ్చింది.