ఓజోన్ పొర గారికి రాయగడ నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ ఓజోన్ పొర గారి సముఖమునకు,

తమరు సరిహద్దు కాపలా కాస్తారు, మేము సరిహద్దులో కాపురం ఉంటాం. ఆ చనువుతో రాస్తున్నాను.

పక్క జిల్లా కొరాపుట్‌లో కొటియా వైపు 21 పల్లెలు ఎవరివో ఒడిశా, ఆంధ్ర ఇప్పటికీ తేల్చుకోలేదు. అక్కడ రెండు రాష్ట్రాల కార్డులూ చెల్లుతాయి. తమ దగ్గర ఆ ఉదారం లేదు. సుమారు 300 నానోమీటర్ల కన్నా పొట్టి అతినీలలోహిత తరంగమైతే చాలు, సాక్షాత్తూ సూర్యభగవానుడు పంపినా అక్కడికక్కడే మింగేస్తారు. మరీ పొట్టివాటిని తమకంటే పైనే ఆక్సిజన్ కాజేస్తుంది.

మా చర్మం కాపాడుతున్నారు, కాదనను. కానీ మింగినదేమిటో చూశారా? సూర్యుడి ఇంటి గుట్టంతా అందులోనే ఉంది! ఉపరితలం 5,500 డిగ్రీలైతే, దాని పైనున్న వాతావరణం, అంటే కరోనా, పది లక్షలు దాటుతుంది. ఎందుకో పూర్తిగా తేలనే లేదు. ఆ వేడికి ఇనుము ఎలక్ట్రాన్లను పోగొట్టుకుని అతినీలలోహితంలో తన గీతలు, అంటే తనకే ప్రత్యేకమైన తరంగాల గుర్తులు, గీస్తుంది. ఏ గీత మెరిసిందో చూస్తే అక్కడి ఉష్ణోగ్రత, అది ఎటు జరిగిందో చూస్తే వాయువు మనవైపు వస్తోందో పోతోందో చెప్పవచ్చు. ఇంత సమాచారం తమ కడుపులో!

1868లో గ్రహణం నాడు ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ దొర గుంటూరు నేల మీద నిలబడే సూర్యుడి గీతలు చదివాడు. అది కంటికి కనిపించే వెలుగు కనుక తమరు అడ్డుపడలేదు. అతినీలలోహితం కోసం మాత్రం అమెరికావారు 1946లో పరికరాన్ని వి-2 రాకెట్ ఎక్కించాల్సి వచ్చింది, అదీ బాంబులు మోయడానికి పుట్టిన రాకెట్. తరువాత 1995లో సూర్యుణ్ణి చూసే సోహో అంతరిక్ష నౌక వెళ్లింది. 2013లో వెళ్లిన ఐరిస్ ఉపగ్రహం 280 నానోమీటర్ల దగ్గరి మెగ్నీషియం గీతలను చదివింది. 2023లో శ్రీహరికోట నుంచి బయలుదేరిన మన ఆదిత్య-ఎల్1 పదిహేను లక్షల కిలోమీటర్ల దూరాన కూర్చుని, పుణెలో రూపొందిన సూట్ దూరదర్శినితో 200 నుంచి 400 నానోమీటర్ల మధ్య బొమ్మలు తీస్తోంది.

తమను దాటడానికి ఇంత ప్రయాణం కావాలి. తమకు చిల్లు పెట్టడానికి మాత్రం ఫ్రిజ్‌లలోని వాయువు సరిపోయింది. దాన్ని మానుకుందామని 1987లో మాంట్రియల్‌లో కుదిరిన ఒప్పందానికి చివరికి ప్రపంచ దేశాలన్నీ తలూపాయి. కొటియా దస్త్రం కూడా అటు పంపితే బాగుండునేమో.

చివరగా, మే నెలలో మా నెత్తిన పడుతున్న పరారుణాన్ని, అంటే వేడి కిరణాలను, కూడా కాస్త ఆపగలరా? అది తమ శాఖ కాదంటే ఏ శాఖదో తెలియజేయగలరు. జవాబు తెలుగులో ఉన్నా, ఒడియాలో ఉన్నా చదువుకోగలం.

ఇట్లు,
రాయగడ వాసి