మైనస్ గుర్తు పెడితే పని అయిపోదు

అతి పొడవైన దారి వెతకడం గురించిన మీ వ్యాసం బాగుంది కానీ, దూరాలకు మైనస్ గుర్తు పెట్టి డైక్‌స్ట్రా పద్ధతి (అతి దగ్గరి దారిని వెతికేది) నడిపితే అతి పొడవైన దారి వచ్చేస్తుందన్న మాట తప్పండి. ఆ పద్ధతి మైనస్ విలువలను తట్టుకోదు. గ్రాఫులో, అంటే బిందువులనూ వాటిని కలిపే గీతలనూ చూపే బొమ్మలో, చక్రాలు లేకపోతే (గీతలన్నీ బాణాలై, వాటి వెంట వెళ్తే బయల్దేరిన చోటికి తిరిగి రాలేకపోతే) పని తేలికే. చక్రాలుంటేనే చిక్కంతా: ఏ బిందువూ రెండోసారి రాకుండా అతి పొడవైన దారి వెతకాలి.

మా అబ్బాయి మొన్న అమీర్‌పేటలో రైలు మారుతూ అడిగాడు: ఏ స్టేషనూ రెండోసారి రాకుండా హైదరాబాద్ మెట్రో మొత్తం చుట్టి రావొచ్చా అని. ఇప్పుడున్న మూడు లైన్లకైతే జవాబు నిమిషం పని. మియాపూర్, ఎల్బీనగర్, నాగోల్, రాయదుర్గం, నాలుగూ చివరి స్టేషన్లే. ఒక దారికి కొసలు రెండేగా! కుదరదు. వాడు మాత్రం ఇంకా పేపర్ మీద గీస్తూనే ఉన్నాడు.

కానీ ఇలాంటి సులువు కారణం ప్రతి గ్రాఫులోనూ దొరకదు. అన్ని బిందువులనూ ఒక్కోసారి తాకే దారి (హామిల్టన్ పాత్) ఉందో లేదో తేల్చడం ఎన్‌పీ-కంప్లీట్, అంటే అన్ని గ్రాఫులకూ వేగంగా తేల్చే పద్ధతి ఇంతవరకూ ఎవరికీ దొరకని లెక్కల కోవలోది. 1962లో హెల్డ్, కార్ప్ అనే పరిశోధకులు ఇచ్చిన ఉపాయం నాకు భలే నచ్చుతుంది: ఏ వరుసలో తిరిగామన్నది వదిలేసి, ఏయే బిందువులు చూశాం, చివర ఎక్కడున్నాం అన్నవే గుర్తుపెట్టుకోవాలి. 20 బిందువులకు వరుసలన్నీ వెతికితే 24 లక్షల లక్షల కోట్లు. ఈ పద్ధతిలో సుమారు 42 కోట్ల అడుగులు, మామూలు ల్యాప్‌టాప్ చేసేస్తుంది. 57 స్టేషన్లంత గ్రాఫుకు మాత్రం ఇదీ చేతులెత్తేస్తుంది, మెమరీ చాలదు.

ఆ మైనస్ పేరా ఒక్కటి సరిచేయండి సార్, పిల్లలు చదువుతారు.