పసివాళ్ల మలం కాలువలో వేస్తే అది ఎక్కడికి పోతుంది?

ఇంట్లో మరుగుదొడ్డి ఉంటుంది. పెద్దవాళ్లంతా అందులోకే వెళ్తారు. ఏడాది నిండిన పిల్లాడు మాత్రం వాకిట్లోనే కూర్చుంటాడు. వాళ్లమ్మో నానమ్మో కాగితంతో ఎత్తి ఇంటిముందు కాలువలో పడేస్తారు, లేదా చెంబుడు నీళ్లు కొట్టి తోసేస్తారు. అదేంటమ్మా అంటే, "పాలు తాగే పిల్లాడిది, దానికేం కాదులే" అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 2014లో స్వచ్ఛ భారత్ మొదలయ్యాక కోట్ల మరుగుదొడ్లు కట్టారు. పిల్లలది కూడా అందులోనే వెయ్యాలని ఇంటింటికీ గట్టిగా చెప్పినవాళ్లెంతమంది?

విరేచనాలు తెప్పించే రోటావైరస్, షిగెల్లా లాంటి క్రిములు ఎక్కువగా పట్టుకునేదే ఐదేళ్లలోపు పిల్లల్ని. అవి బయటికొచ్చేది మలంలోనే, కాబట్టి పిల్లల మలాన్నే ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. వాడేసిన డైపర్లు రోడ్డు పక్కన కుప్పలో విసరడమూ ఇంతే.

మన ఊళ్లలో చాలాచోట్ల కుళాయి పైపు కాలువ పక్కనుంచే, ఒక్కోచోట కాలువలోంచే పోతుంది. నీళ్లొచ్చేది రోజుకి గంటో రెండు గంటలో. ఆపేశాక పైపులో ఒత్తిడి ఉండదు, ఎక్కడ పగులుంటే అక్కడ మురుగు లోపలికి దిగుతుంది. సన్నగా వస్తున్నాయని మోటారు బిగిస్తే అది నీళ్లతోపాటు మురుగునీ లాగుతుంది. నిన్న మనం కాలువలో వేసింది ఇవాళ మన బిందెలోకే వస్తుంది. పంచాయతీ లీకులు బాగుచెయ్యాల్సిందే, క్లోరిన్ కలపాల్సిందే, అందులో మొహమాటం లేకుండా నిలదీద్దాం. కాలువలో వెయ్యడం ఆపాల్సింది మాత్రం మనమే.

ఇక చేతులు. పిల్లాడికి కడిగిన చేతిని ఉత్త నీళ్లతో తడిపి, అదే చేత్తో అన్నం కలిపి పెడతారు. సబ్బు ఎక్కడో బాత్రూంలో ఉంటుంది. పిల్లాడికి కడిగే చోటే ఒక ముక్క పెట్టండి. బిందెలో చెయ్యి మునిగేలా గ్లాసు ముంచకండి, పొడవాటి కాడ ఉన్నదేదైనా వాడండి.

"పళ్లొస్తున్నాయి, మోషన్స్ మామూలే" అన్నదీ అలాంటి మాటే. ఆ వయసులో పిల్లలు పాకుతూ చేతికందిందల్లా నోట్లో పెట్టుకుంటారు, మోషన్స్ దానివల్ల. మొదలవగానే ఆశా కార్యకర్తని ఓఆర్‌ఎస్ అడగండి. పెద్ద ప్యాకెట్ మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. జింక్ మాత్రలు విరేచనాలు ఆగినా 14 రోజులు వెయ్యాలి. తల్లిపాలు ఆపకూడదు. కళ్లు లోతుకుపోయినా, రక్తం పడినా, తాగలేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.