తామరకి ఆ ట్యూబు ఇవ్వకండి

ఇప్పుడే మెడికల్ షాపు నుంచి వచ్చాను, ఇంకా ఒళ్లు మండిపోతోంది. నా ముందున్న అమ్మాయి తొడల దగ్గర దురదని సిగ్గుపడుతూ చెప్పింది. డాక్టర్ చీటీ అడగలేదు, ఎన్నాళ్ల నుంచి అనీ అడగలేదు. షాపతను అరలోంచి ట్యూబు తీసి "రెండ్రోజుల్లో తగ్గిపోతుందమ్మా" అని చేతిలో పెట్టాడు. అట్టపెట్టె మీద చీమల్లాంటి అక్షరాల్లో క్లోబెటసాల్. స్టెరాయిడ్! తామరకి ఇది వద్దండీ అంటే "మీరేమన్నా డాక్టరా మేడమ్?" అని నా మీదికే లేచాడు.

ఇలాంటి క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే రూల్ తెచ్చారు. ఎవరు పట్టించుకుంటున్నారు?

ఆ రెండ్రోజుల్లో తగ్గేది ఎరుపు, దురద మాత్రమే. తామర తెచ్చిన ఫంగస్ లోపల హాయిగా పాకుతూనే ఉంటుంది. పూత ఆపగానే మళ్లీ విజృంభిస్తుంది. పైగా గుండ్రటి అంచు చెరిగిపోయి అసలు తామరలాగే కనిపించదు.

మా అక్కకి జరిగింది అదే. ఒకాయన ఎగ్జిమా అన్నారు, ఇంకొకాయన సోరియాసిస్ అన్నారు, ఇద్దరూ మళ్లీ స్టెరాయిడే రాశారు. తొడల మీద చర్మం పలచబడి చారలు పడ్డాయి, అవి ఇక పూర్తిగా పోవట. చివరికి ఒక స్కిన్ డాక్టరమ్మ మచ్చ అంచున బ్లేడుతో పొట్టు గీకి, గాజు పలక మీద ఆ పొట్టుని కరిగించే కేఓహెచ్ ద్రావణం చుక్క వేసి, కాసేపాగి మైక్రోస్కోపులో చూశారు. ఫంగస్ పోగులు కనిపించాయి. ఇంత చిన్న పరీక్ష మొదటి రోజే ఎందుకు చేయరు?

ముందు ఇచ్చిన టెర్బినఫిన్ అనే ఫంగస్ మాత్రలు పనిచేయలేదు. ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని 2020లో పేరు పెట్టిన ఫంగస్ రకం మన దేశంలో బాగా పాకింది, అది చాలాసార్లు ఆ మందుకి లొంగదు. ఇట్రాకొనజోల్ అనే ఇంకో ఫంగస్ మందు వారాల తరబడి వాడితే గానీ అక్కకి తగ్గలేదు.

ఆ వారాల్లో అత్తగారింట్లో ఏమన్నారో తెలుసా? రక్తం చెడిందట, శుభ్రం లేదట. వంకాయ, గోంగూర మాన్పించారు, కంచం వేరు పెట్టారు. బావ మాత్రం అంతకుముందు నుంచే గజ్జల్లో గోక్కుంటూ, ఇదే రకం ట్యూబు దొంగచాటుగా పూసుకుంటూ, అక్క టవలే వాడుతున్నాడు! ఇంట్లో అందరికీ ఒకేసారి వైద్యం చేయించాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పినా "నాకేం లేదు" అని రాలేదు. అంటించింది ఎవరు, మాటలు పడింది ఎవరు? ఆ ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు కూడా ఇంతవరకు అక్కని క్షమించమని అడగలేదు.