రెఫ్యూజియం గారికి ఒక ఉప్పునీటి విన్నపం

మహారాజశ్రీ రెఫ్యూజియం గారికి (అనగా మా ఉప్పునీటి చేపల తొట్టి కింద, నాచు పెంచే గదికి),

నమస్కారములు. ఉభయకుశలోపరి అని రాయడం మర్యాద. కానీ మన తొట్టిలో ప్రస్తుతం కుశలంగా ఉన్నది రాళ్లమీద పెరుగుతున్న జుట్టునాచు ఒక్కటే కనుక, ఆ వాక్యం రాసుకునే హక్కు దానికే వదిలేస్తున్నాను.

ఈ మధ్యాహ్నమంతా తమరి సన్నిధిలోనే గడిపాను. అంటే క్యాబినెట్‌లో తల దూర్చి, మోకాళ్లమీద. తమరి గదిలో కాపురముంటున్న కీటోమార్ఫా అనే నాచు పోగులు కొన్ని తెగి, గాజు అడ్డుపలకలు దాటి, నీళ్లను తిరిగి పైతొట్టికి ఎక్కించే రిటర్న్ పంపులోకి విహారయాత్రకు వెళ్లాయి. పంపు ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. పైనుంచి దిగాల్సిన నీళ్లన్నీ దిగి, క్యాబినెట్‌లో ఉన్న కింది తొట్టి, అంటే సంప్ అంచు దాకా వచ్చి నిలిచాయి. ఇంకో అంగుళం ఎక్కి ఉంటే ఈ లేఖ ఇంత మర్యాదగా ఉండేది కాదు. పంపు విప్పి, దాని రెక్కల చక్రానికి (ఇంపెల్లర్‌కు) చుట్టుకున్న పోగులను పాత పళ్ల బ్రష్షుతో ఒక్కొక్కటే లాగాను. అప్పుడు చూశాను వాటి రంగు. పచ్చగా లేవు. తెల్లగా, పీలగా, వేలితో నొక్కితే చితికిపోయేలా ఉన్నాయి.

పంపు ఆగినందుకు కోపం లేదు. పంపులన్నాక ఆగుతాయి. నా బాధ ఆ తెలుపు గురించి.

తమరిని సంప్‌లో ప్రతిష్ఠించే ముందు విన్న మాటలు తమరికి గుర్తుచేయాలా? ఒక అర ఇస్తే చాలు, ఒక లైటు పెడితే చాలు, గుప్పెడు నాచు వేస్తే చాలు. చేపల మలినాల నుంచి వచ్చే నైట్రేటు, ఫాస్ఫేటు ఆ నాచు ఒంటికి పడతాయి. పెరిగినప్పుడల్లా కొంత తీసి పారేస్తే పోషకాలు దానితోపాటే బయటికి పోతాయి. పైన జుట్టునాచు తిండి లేక మాడిపోతుంది. తర్కంలో వంక పెట్టడానికి లేదు. ఆచరణలో మాడిపోతున్నది ఎవరో తమరే సెలవివ్వాలి.

మేత వేసేది పైతొట్టిలో. చేపలు విసర్జించేది పైతొట్టిలో. ఫాస్ఫేటును పీల్చి దాచుకుని, మెల్లమెల్లగా వదిలే రాళ్లు ఉన్నదీ పైతొట్టిలోనే. జుట్టునాచు ఎక్కడో కాదు, సరిగ్గా ఆ రాళ్లనే పట్టుకుని కూర్చుంది. పగడాల కోసం అమర్చిన లైట్లు దానికి ఉచితం. పగడాల కోసం పెట్టిన ప్రవాహం కూడా ఉచితం. అది కడుపునిండా తిన్నాక మిగిలిన ఎంగిలి నీళ్లు పైపు దిగి తమరి గదికి వస్తాయి. పోటీ అన్నారు. పోటీదారుల్లో ఒకరిని వంటింట్లోనూ, ఇంకొకరిని నేలమాళిగలోనూ కూర్చోబెట్టే పోటీ ఎక్కడైనా ఉందా?

అందుకే టెస్ట్ కిట్‌లో నైట్రేటు సున్నా చూపిస్తోంది. సున్నా అంటే నీళ్లు శుభ్రమని కాదు, వచ్చింది వచ్చినట్టు పైనే ఎవరో మింగేస్తున్నారని. సముద్రపు నాచుల ఒంట్లో ఒక ఫాస్ఫరస్ పరమాణువుకు సుమారు 30 నైట్రోజన్ పరమాణువులు ఉంటాయి. నీటిలో తేలే సూక్ష్మమైన వృక్షప్లవకాలు 16తో సరిపెట్టుకుంటాయి. కీటోమార్ఫా గారి కొలత మాత్రం పెద్దది. నైట్రేటు అడుగంటగానే ఎదుగుదల ఆపి అలిగి కూర్చుంటారు. ఇక ఫాస్ఫేటు ఎంత మిగిలి ఉన్నా ముట్టరు.

మరి దీనికి నివారణ? నైట్రేటు కలపాలట! నైట్రేటు తీసేస్తారని తమరిని తెచ్చుకున్న ఇంట్లో, తమరి కోసం నైట్రేటు సీసా కొని చుక్కలు లెక్కపెట్టి పోయాలి. ఊడ్చే మనిషికి పని దొరకడం లేదని చెత్త కొని తెచ్చి వాకిట్లో చల్లినట్టు. అంతటితో అయిందా? ఇనుము కూడా తగ్గి ఉంటుందట, అదీ వేయాలి. సరే, వేశాం. ఆ చుక్కలు ఎక్కడికి పోయాయి? తమరి గదిలోంచి రిటర్న్ పంపుకు, పంపులోంచి పైతొట్టికి. అక్కడ నోరు తెరుచుకుని ఉన్నది ఎవరు?

అవును, అదే. నీకోసం పోసిన ఎరువు తిని మరో వేలెడు పొడవు పెరిగింది. ఇప్పుడు ప్రవాహంలో ఊగుతూ నన్ను చూసి నవ్వుతోంది. ఇక "తమరు" అనడం నా వల్ల కాదు. నీకు లేనిదేమిటి చెప్పు? లైటు ఇచ్చాను. గది ఇచ్చాను. పైన దీపాలు ఆరాక కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ పడిపోకూడదని, రాత్రంతా నీ లైటు వెలిగించి ఉంచాను. ఇంటిల్లిపాదీ నిద్రపోతుంటే క్యాబినెట్ సందుల్లోంచి గులాబీరంగు వెలుగు కారుతుంటే కూడా ఊరుకున్నాను. నీ మూలల్లో పగడాలను కుట్టే ఐప్టేసియా అనే పీడ సంతానం పెంచుకుంటున్నా చూసీ చూడనట్టు పోయాను. నువ్వేమో తెల్లబడ్డావు.

మీ జాతిలో అందరూ ఇంత సుకుమారులేమీ కాదు. కాలెర్పా టాక్సిఫోలియా అనే నాచు 1984లో మొనాకో తీరంలో కనిపించి, ఎవరూ పిలవకుండానే మధ్యధరా సముద్రం అడుగున పరచుకుంది. 2000లో కాలిఫోర్నియా తీరపు మడుగులో దొరికితే, పూర్తిగా తొలగించామని ప్రకటించడానికి 2006 దాకా పట్టింది. దానికి ఎవరూ ఇనుము చుక్కలు వేయలేదు. (అలాగని దాని చుట్టాలను నీ గదిలోకి రానిచ్చేది లేదు. కాలెర్పాకు సంతానం మీద మనసు పుడితే రాత్రికి రాత్రి ఒంట్లో సారమంతా నీళ్లలోకి వదిలి, తొట్టిని పాలరంగు చేసి, తాను గాజుపొరలా మిగులుతుంది. ఆ పీడ మనకొద్దు.)

కాబట్టి నేనొక నిర్ణయానికి వచ్చాను. గెలిచినవాళ్లకే ఉద్యోగం. స్మిత్‌సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ అనే శాస్త్రవేత్త, గరుకు జాలీమీద నీళ్లు పారిస్తూ, దానికి వెలుగు తగిలిస్తూ, అక్కడ పెరిగిన పొట్టి నాచును గీకి పారేసే పద్ధతిని తీర్చిదిద్దారు. దాన్నే ఆల్గే స్క్రబ్బర్ అంటారు. ఆ జాలీమీద పెరిగేది అందంగా ఉండలు చుట్టుకునే నీలాంటి నాచు కాదు, రాళ్లమీద నన్ను వెక్కిరిస్తున్న ఆ జుట్టునాచు తరహాదే. ఆకలి, మొండితనం, ఎక్కడ పడితే అక్కడ అంటుకునే సిగ్గులేనితనం, కావలసిన అర్హతలన్నీ దానికి ఉన్నాయి. ఇన్నాళ్లూ శత్రువని పీకుతూ వచ్చిన దాన్నే పైపు మొదట్లో, నీళ్లు దిగే చోట కూర్చోబెడతాను. ముందుగా తినే అవకాశం ఇకనుంచి అక్కడ.

నిన్ను పూర్తిగా ఖాళీ చేయించాలనే అనుకున్నాను. కానీ పంపు మూత తీసినప్పుడు దాని అంచుల మీదుగా తెల్లని చుక్కలు పరుగులు తీశాయి. కోపిపాడ్లు, నీళ్లలో బతికే చిట్టి జీవులు. నీ గదిలో పుట్టి, పంపు రెక్కల మధ్యలోంచి కూడా ప్రాణాలతో బయటపడి పైకి వెళ్తున్నాయి. ఎండు మేత వైపు కన్నెత్తి చూడని మా మాండరిన్ చేప రోజంతా రాళ్లను పొడుచుకుంటూ తిరిగేది వీటి కోసమే. ఆ జాతి చేపలు ఎన్ని ఇళ్లలో డొక్కలు ఎండి చచ్చిపోయాయో వాటిని పెంచినవాళ్లకు తెలుసు. మా మాండరిన్‌కు పొట్ట ఉంది. గుండ్రంగా ఉంది. ఆ పొట్ట నీ పుణ్యమే, కాదనను.

అందువల్ల తమరికి తెలియజేయునది ఏమనగా: గది తమరిదే, రాళ్ల ముక్కలూ తమరివే, కోపిపాడ్ల కాన్పులూ పురుళ్లూ యథాప్రకారం జరుపుకోవచ్చు. నైట్రేటు సీసా, ఇనుము సీసా నేటితో బంద్. లైటులో సగం కొత్త జాలీ వైపు తిప్పబడుతుంది. కీటోమార్ఫా గారికి ఏమైనా అభ్యంతరం ఉంటే, వచ్చే నెలలోగా పిడికెడు కొత్త నాచును సాక్ష్యంగా చూపించగలరు. పచ్చగా ఉండాలి. తెల్లది చెల్లదు.

ఇట్లు,
తమరి లైటుకు కరెంటు బిల్లు కట్టే మనిషి